బ్యాంకు తూకంలో మిల్లు, కోల్డ్ స్టోరేజీ, కౌలు రైతు

(రైతు సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల సమావేశంలో ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాం. ఆయన ఐదెకరాలు కౌలుకు చేస్తాడు. మూడెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి. లేచి నిలబడి అన్నాడు: "మా ఊరి రోడ్డు మీద జిన్నింగు మిల్లుకు బ్యాంకు కోట్లు ఇచ్చింది. అది రెండేళ్ళు నడిచి మూడో ఏడు మూతపడింది. ఇంకొకాయన కొన్నాడు, ఆయనకూ ఇచ్చారు. నేను ముప్పై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో ఉన్నా. నాకు లక్ష ఇమ్మంటే 'పైనుంచి రూల్సు పెద్దాయనా, మా చేతుల్లో లేదు' అంటున్నాడు మేనేజరు. ఆ రూల్సు ఏమిటో ఇక్కడ ఎవరన్నా చెప్తారా?"

ఆ రోజు మాలో ఎవరమూ సరిగా చెప్పలేకపోయాం. బ్యాంకులు పెద్దోళ్ళకే అని ఒకరన్నాం, ప్రభుత్వాల విధానమే అంత అని మరొకరన్నాం. అందులో అబద్ధం లేదు. కానీ పెద్దాయన అడిగింది అది కాదు. ఆయన రూలు అడిగాడు. అందుకని ఈ నెల రోజులూ రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రిజర్వు బ్యాంకు సర్క్యులర్లు చదివాం. మేము పదో తరగతి దాటనివాళ్ళం, అయినా యార్డులో తరుగు లెక్క చూసుకోగలిగినవాడికి ఇది అర్థం కాని లెక్కేమీ కాదు. బోర్డు మీద సుద్దముక్కతో వేసి చూపిస్తాం.

ముందు ఒక మాట. బ్యాంకు మనకిచ్చే అప్పు ఎవరి డబ్బు? చాలావరకు డిపాజిట్‌దారులది. మన ఊళ్ళో టీచరు దాచుకున్నది, దుబాయిలో పనిచేసే పిల్లాడు పంపినది. అప్పు మునిగితే ఆ డబ్బు మునగకూడదు కదా. అందుకని ప్రతి అప్పు వెనకా బ్యాంకు తన సొంత డబ్బు కొంత నిలపాలి. దాన్నే మూలధనం అంటారు. దెబ్బ తగిలితే ముందు అది కరగాలి, ఆ తర్వాతే డిపాజిట్‌దారుడి జోలికి రావాలి. ఈ ఏర్పాటు స్విట్జర్లాండులో బేసెల్ అనే ఊళ్ళో కూర్చునే కేంద్ర బ్యాంకుల కమిటీ 1988లో చేసింది. అప్పుడు నూటికి 8 అన్నారు. మన రిజర్వు బ్యాంకు 9 పెట్టింది. 2013 ఏప్రిల్ నుంచి మూడో బేసెల్ నిబంధనలు మొదలై, అదనంగా నిలపాల్సిన రెండున్నర మెట్లు మెట్లుగా కలిసి, 2021 అక్టోబరు నుంచి వాణిజ్య బ్యాంకులకు అది నూటికి 11.50 అయింది.

అయితే నూటికి పదకొండున్నర అన్నది అందరి అప్పుకూ ఒకేలా వెయ్యరు. ముందు అప్పును తూకం వేస్తారు. రిస్క్ వెయిట్ అంటారు వాళ్ళు. మనం తూకమే అనుకుందాం. ప్రభుత్వ బాండ్లలో పెట్టిన డబ్బుకు తూకం సున్నా. అంటే వెనక ఏమీ నిలపక్కర్లేదు. పెద్ద కంపెనీకి రేటింగు సంస్థ అత్యుత్తమ మార్కు, మూడు ఏలు, ఇస్తే తూకం 20. రెండు ఏలు అయితే 30, ఒక ఏ అయితే 50, మూడు బీలు అయితే 100. దానికి దిగువ మార్కు వస్తే 150. మరి మనకి? చిన్న అప్పులన్నీ ఒక గంపలో వేశారు. ఒక్కొక్కరికి ఏడున్నర కోట్ల లోపు అప్పు ఉన్న వ్యక్తులూ, ఏటా యాభై కోట్ల లోపు వ్యాపారం చేసే చిన్న సంస్థలూ ఆ గంపలోకి వస్తారు. దాని తూకం 75.

ఇప్పుడు లక్ష రూపాయల అప్పుకు లెక్క వేద్దాం. రైతుకిచ్చిన లక్షను తూకం వేస్తే 75 వేలు. దాని మీద పదకొండున్నర చొప్పున 8,625 రూపాయలు బ్యాంకు సొంత డబ్బు నిలపాలి. మూడు బీల మార్కు ఉన్న కంపెనీకి అదే లక్ష ఇస్తే 11,500. ఆ కంపెనీ మార్కు పడిపోయి దిగువకు జారితే 17,250. మూడు ఏల కంపెనీకైతే 2,300 చాలు.

ఈ అంకెలు చూశాక మేము కాసేపు ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంతకాలం మనం ఏమనుకున్నాం? రైతుకు అప్పివ్వడం బ్యాంకుకు బేసెల్ లెక్కలో భారమనుకున్నాం. కాదు. దేశంలోని అతి పెద్ద కంపెనీలను పక్కన పెడితే, మన గుంటూరు, ఒంగోలు రోడ్ల మీద కనపడే పెద్ద మిల్లుల కంటే మన లక్షే బ్యాంకుకు తేలిక. మిల్లు చిన్నదైతే అదీ మన గంపలోనే, మన తూకంలోనే ఉంటుంది. కాబట్టి "పైనుంచి రూల్సు" అన్న మాటలో ఈ రూలు లేదు. మీరెవరన్నా బ్యాంకుకు పోయినప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అయితే మేనేజరు దేన్ని చూసి జంకుతున్నాడు? అక్కడికే వస్తున్నాం.

మిల్లుకు అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు ఏం చూస్తుంది? ఎన్నేళ్ళ నుంచి నడుస్తోంది, ఆడిటరు సంతకం పెట్టిన లెక్కలు మూడేళ్ళవి ఉన్నాయా, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నారా, యజమాని సొంతంగా ఎంత పెట్టాడు, సరుకు ఎవరికి అమ్ముతాడు, ఆ కొనేవాడు ఎంత గట్టివాడు, మొన్నటి అప్పు సకాలంలో కట్టాడా, మిషనరీ, స్థలం విలువ ఎంత. నెలనెలా గోడౌనులో ఎంత పత్తి ఉందో స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. దాన్ని బట్టి ఎంత వాడుకోవచ్చో పరిమితి పెడతారు. ఇవన్నీ కాగితం మీద కనపడేవి. బ్యాంకు మిల్లును నమ్మడం వేరు, మిల్లు కాగితాలను చదవగలగడం వేరు. కాగితం చదవగలిగితే నమ్మకపోయినా ధర కట్టగలుగుతుంది.

ఇందులో మనకు తగిలే దెబ్బ ఒకటుంది, చాలామంది గమనించరు. పత్తి ధర పడిందనుకోండి. మిల్లు గోడౌనులో ఉన్న స్టాకు విలువ పడుతుంది. విలువ పడగానే బ్యాంకు పరిమితి తగ్గుతుంది. పరిమితి తగ్గితే మిల్లు చేతిలో కొనడానికి డబ్బుండదు. కొనేవాడు లేకపోతే మన పత్తి ధర ఇంకా పడుతుంది. మిల్లు అప్పు మన అప్పు కాదు, అయినా దాని తిప్పలు మన బోరాల మీదికే వస్తాయి. అలాంటప్పుడు సీసీఐ సకాలంలో కొనుగోలు కేంద్రాలు తెరిస్తేనే ఊపిరాడేది. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 7,521 రూపాయలు, 2025-26కు 8,110 ప్రకటించారు. ధర కాగితం మీద ఉంది. కేంద్రం ఏ వారం తెరుచుకుందన్నదే మనకు లెక్క.

కోల్డ్ స్టోరేజీల సంగతి ఇంకా దగ్గరిది. గుంటూరు చుట్టూ వంద పైచిలుకు శీతల గిడ్డంగులున్నాయి. మిర్చి టిక్కీలు లోపల పెట్టి, ఆ రసీదు మీద అప్పు తీసుకోవడం మనకు అలవాటే. క్వింటా పద్దెనిమిది వేలు ఉన్నప్పుడు ఒక రైతు నూరు క్వింటాళ్ళు పెట్టాడనుకోండి. సరుకు విలువ 18 లక్షలు. నూటికి డెబ్బై చొప్పున బ్యాంకు 12 లక్షల 60 వేలు ఇచ్చింది. ధర పదకొండు వేలకు పడింది. సరుకు విలువ 11 లక్షలు. అప్పు కంటే తాకట్టు తక్కువైపోయింది, వడ్డీ ఇంకా కలపనే లేదు. ఇది మేము ఊహించి చెప్తున్న లెక్కే గాని, 2025 ఫిబ్రవరిలో యార్డులో జరిగింది దీనికి దూరం కాదు. 2023లో 20 వేలు దాటి పలికిన రకాలు అప్పుడు ఎక్కడికి దిగాయో మీ అందరికీ తెలుసు. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి 2.91 లక్షల టన్నుల వరకు అంది. ఎంతమందికి అందిందో మీ ఊళ్ళల్లో మీరే లెక్కపెట్టుకోండి.

ఇక్కడ బ్యాంకు లెక్కలో ఒక విచిత్రం చెప్పాలి. అప్పు వెనక తాకట్టు ఉంటే బ్యాంకు నిలపాల్సిన సొంత డబ్బు తగ్గుతుంది. కానీ ఏ తాకట్టుకు తగ్గుతుంది? ఫిక్సెడ్ డిపాజిట్, ప్రభుత్వ బాండు, కిసాన్ వికాస్ పత్రం, జాతీయ పొదుపు పత్రం, ఎల్ఐసీ పాలసీ, బంగారం. పొలం ఆ జాబితాలో లేదు! తాతల నాటి నల్లరేగడి రెండెకరాలు తనఖా పెట్టినా మూలధనం లెక్కలో బ్యాంకుకు ఒక్క రూపాయి తగ్గదు. టిక్కీలు పెట్టినా తగ్గదు. ఇంటావిడ మెడలో గొలుసు పెడితే తగ్గుతుంది. బంగారం విలువలో నూటికి 15 కోసేసి మిగతాది లెక్కలోకి తీసుకుంటారు. లక్షన్నర చేసే బంగారం పెడితే 1,27,500 లెక్కకొస్తుంది. లక్ష అప్పు పూర్తిగా దాని నీడలో పడుతుంది. 8,625 నిలపాల్సిన చోట సున్నా.

ఇప్పుడు అర్థమైందా, వ్యవసాయ రుణం అంటూ పోతే "బంగారం ఉందామ్మా?" అని ఎందుకడుగుతారో? మేనేజరుకు బేసెల్ లెక్క నోటికి వచ్చి అడుగుతున్నాడని కాదు. వసూలుకు తిరగక్కర్లేదు, కాగితం ఒక్కటే, గంటలో పని అయిపోతుంది. పైన కూర్చున్నవాళ్ళకు మూలధనం కలిసొస్తుంది. ఆ అప్పు వ్యవసాయం పద్దులో రాసుకుంటే లక్ష్యమూ పూర్తవుతుంది. మూడు పిట్టలు. మిగిలింది మన ఆడవాళ్ళ మెడలు. రెండు లక్షల వరకు పంట రుణానికి ఏ తాకట్టూ అడగకూడదని 2025 జనవరి నుంచి రూలుంది. అంతకు ముందు 1.60 లక్షలుండేది. కానీ రైతే ఇష్టపడి బంగారం పెడితే తప్పు కాదని 2025 జూలైలో రిజర్వు బ్యాంకు మళ్ళీ వివరణ ఇచ్చింది. ఇష్టపడి! విత్తనం కొట్టు దగ్గర బాకీ పెట్టుకున్నవాడి ఇష్టం ఎంతుంటుందో సర్క్యులరు రాసినవాళ్ళకు ఎవరు చెప్పాలి?

ప్రాధాన్య రంగం సంగతీ ఇక్కడే చెప్పుకుందాం. బ్యాంకులు తమ అప్పుల్లో నూటికి 18 వ్యవసాయానికి ఇవ్వాలి, అందులో సన్న, చిన్నకారు రైతులకు నూటికి 10 అన్నది 2023-24 నుంచి లక్ష్యం. కానీ వంద కోట్ల పరిమితి లోపు కోల్డ్ స్టోరేజీ కట్టడానికిచ్చిన అప్పు కూడా వ్యవసాయమే. ఆహార శుద్ధి పరిశ్రమకు అదే పరిమితి లోపు ఇచ్చినా వ్యవసాయమే. గిడ్డంగులు వద్దని మేము అనం, అవి లేకపోతే మిర్చి ఏమవుతుందో మనకే తెలుసు. కానీ జిల్లా రుణ ప్రణాళిక లక్ష్యం దాటిందని పేపర్లో చదివినప్పుడు, అందులో చేలో దిగినవాడికి ఎంత, గిడ్డంగి గోడకు ఎంత, గొలుసు మీద ఎంత అని విడివిడిగా అడగాలి. ఇప్పటిదాకా మనం అడగలేదు.

సరే, బ్యాంకు భయం మొత్తం కుంటిసాకేనా? కాదు. ఇది మనం నిజాయితీగా ఒప్పుకోవాల్సిన చోటు.

చిన్న అప్పులకు 75 తూకం ఎందుకు పెట్టారు? వెయ్యి మందికి ఇస్తే ఒకడు మునిగినా తొమ్మిది వందల తొంభైతొమ్మిది మంది నిలబడతారని. టీ కొట్టు మూతపడితే పక్కన టైలరు షాపు మూతపడదు. పెద్ద కంపెనీలు మాత్రం దేశమంతా మాంద్యం వస్తే కలిసి కూలతాయి, చిన్నవాళ్ళు ఎవరి కారణంతో వాళ్ళు కూలతారు. ప్రపంచంలో పెద్ద బ్యాంకులు వాడే లెక్కలో కూడా చిన్న అప్పుదారుల అప్పులు ఒకదానితో ఒకటి తక్కువ ముడిపడి ఉంటాయని రాసుకున్నారు. ఐరోపా దేశాల్లో చిన్న సంస్థల అప్పులకు 2014 నుంచి మూలధనం లెక్కలో దాదాపు నాలుగో వంతు రాయితీ కూడా ఇచ్చారు.

మన చేలల్లో అది నిజమేనా? 1987-88లో తెల్లదోమ వచ్చినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఒక్కడి పత్తి పోయిందా? ఊళ్ళకు ఊళ్ళు పోయాయి. అప్పుల వాళ్ళకు మొహం చూపించలేక పురుగుమందు తాగిన మనుషుల ఇళ్ళకు మాలో పెద్దవాళ్ళు వెళ్ళొచ్చారు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూత మీద వాలినప్పుడు గట్టుకు ఇవతల ఉన్నవాడిని వదిలి అవతలివాడిని పట్టిందా? ధర పడితే యార్డుకు వచ్చిన అందరికీ పడింది. వెయ్యి మంది రైతులు వెయ్యి వేరు వేరు అప్పులు కాదు, చెడు కాలంలో అందరిదీ కలిపి ఒకే అప్పు. మిల్లు ఒక్కటి మునుగుతుంది, మనం మండలం మొత్తం మునుగుతాం. ఈ రిస్కు కాదనడానికి లేదు.

అయితే దీనికి రెండో వైపూ ఉంది. దేశమంతా శాఖలున్న బ్యాంకుకు పంజాబు గోధుమా ఉంది, కేరళ రబ్బరూ ఉంది, నగరాల ఇళ్ళ అప్పులూ ఉన్నాయి. పల్నాడు మిర్చి పోతే దానికి జలుబు కూడా చెయ్యదు. మన జిల్లా సహకార బ్యాంకు, మన సొసైటీ అలా కాదు. వాటి డబ్బంతా ఈ చేలల్లోనే ఉంది. మనకు తెలివైన ఏర్పాటు కావాలంటే పెద్ద బ్యాంకులు ఇక్కడ ఎక్కువ మోయాలి. జరుగుతున్నదేమో, పెద్ద శాఖలు గొలుసు అప్పులు చూసుకుంటుంటే చెమటోడ్చే అప్పులు సొసైటీల మీద పడుతున్నాయి.

ఒకే తాటి మీద ఉన్న రిస్కును మోయడానికి మార్గం లేకపోలేదు. పొగాకు చూడండి. కందుకూరు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతుకు బ్యాంకు ఎందుకు జంకదు? అతడు మనకంటే మంచివాడని కాదు. టొబాకో బోర్డు దగ్గర అతని బ్యారనుకు రిజిస్ట్రేషను ఉంది, ఎంత పండించాలో కోటా ఉంది, వేలం కేంద్రంలోనే అమ్ముతాడు, ఆ డబ్బులోంచి బ్యాంకు వాయిదా మినహాయించుకుంటుంది. సరుకు డబ్బయ్యే చోట బ్యాంకు చెయ్యి ఉంది. పొగాకు మంచిదనో, ఆ రైతుకు కష్టాలు లేవనో మేము చెప్పటం లేదు. అక్కడా ధరల గొడవ ఎంతుందో చూస్తూనే ఉన్నాం. చెప్పేదేమంటే, భూమి, పంట అలాంటివే ఉన్నా, అప్పుదారుడి చుట్టూ ఉన్న ఏర్పాటు మారితే అతని రిస్కు మారింది. మిర్చికి ఆ చెయ్యి ఎవరిదో తెలుసా? కమీషను ఏజెంటుది. ఆయన నూటికి రెండు రూపాయలకు పెట్టుబడి ఇస్తాడు, సరుకు ఆయన కొట్టుకే పోవాలి, కాటా దగ్గరే కోసుకుంటాడు. బ్యాంకు చెయ్యలేనన్న పనిని ఆయన ఏళ్ళ తరబడి చేస్తూ ఏడాదికి 24 శాతం పుచ్చుకుంటున్నాడు.

ఇక కౌలు రైతు దగ్గరికి. ఈ కథలో బ్యాంకుకు అసలు కనపడని అప్పుదారుడు ఇతడే. మిర్చి ఎకరాకు కౌలుతో కలిపి పెట్టుబడి రెండు లక్షలు దాటుతోంది. ఆ పెట్టుబడి పెట్టేదీ, రాత్రి మోటరు దగ్గర కాపు ఉండేదీ ఇతడు. పాసుపుస్తకం మాత్రం హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నాయనది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు. 2019లో దాన్ని తీసి పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, పదకొండు నెలల ఒప్పందం, యజమాని సంతకం అన్నారు. యజమాని సంతకం పెట్టడు. భూమి పోతుందని కొందరి భయం. ఇంకొందరు అదే సర్వే నంబరు మీద అప్పటికే పంట రుణం తెచ్చుకుని ఉంటారు. ఆ డబ్బు టౌనులో వడ్డీకి తిరుగుతుంటుంది. బ్యాంకు ఒకే చేను మీద రెండో అప్పు ఇవ్వనంటుంది. లెక్క ప్రకారం ఆ చేనుకు పంట రుణం అందినట్టే. పంట వేసినవాడికి అందలేదు.

మా సంఘం సభ్యురాలొకామె సంగతి. కార్డు తెచ్చుకుంది, ఈ-పంటలో పేరు ఎక్కించుకుంది, నాలుగు సార్లు బ్యాంకుకు తిరిగింది. చివరికి "సిబిల్ బాగాలేదమ్మా" అన్నారు. ఆమెకు జీవితంలో బ్యాంకు అప్పే లేదు! తీరా చూస్తే మూడేళ్ళ క్రితం ఆమె ఆధార్ నకలు, సంతకాలు తీసుకున్న ఒక కోల్డ్ స్టోరేజీ మనుషులు ఆమె పేరున సరుకు పెట్టినట్టు చూపి అప్పు తీసుకున్నారు. కట్టలేదు. ఇచ్చినప్పుడు ఆమె చేతికి వచ్చింది రెండు వేలు. ఆ రెండు వేలకు ఆమె పేరు పోయింది. ఇలా నకళ్ళు ఇచ్చినవాళ్ళు ఈ సభలో కూడా ఉండొచ్చు, చేతులెత్తమని అడగం. ఇకమీదట మాత్రం ఎవరూ ఇవ్వొద్దు. సిబిల్ లాంటి సంస్థ ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి మన పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు చెయ్యండి, ముప్పై రోజుల్లో సరిచెయ్యకపోతే ఆ పైన రోజుకు వంద రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆమె ఫిర్యాదు మన ఆఫీసులోనే రాశాం. ఇంకా తేలలేదు.

మొండి బాకీల లెక్క కూడా తెలియాలి, ఎందుకంటే మనం అక్కడే జారుతున్నాం. మిల్లు తొంభై రోజులు కట్టకపోతే మొండి బాకీ. మనకు స్వల్పకాలిక పంట అయితే రెండు పంట కాలాలు దాటాక. అంటే మనకు కొంచెం వెసులుబాటే ఇచ్చారు. కానీ ఒకసారి ఆ పద్దులో పడితే ఏమవుతుందో చూడండి. మొదటి ఏడాది బ్యాంకు తన లాభంలోంచి లక్షకు 15 వేలు పక్కన పెట్టాలి. మిగిలిన 85 వేలలో తాకట్టు లేని భాగానికి తూకం 75 పోయి 150 అవుతుంది. మొత్తం తాకట్టు లేనిదే అనుకుంటే దాని వెనక 14,600 పైచిలుకు నిలపాలి. 8,625 అప్పు ఒక్క ఏట అంత బరువెక్కుతుంది. అందుకే బ్యాంకు వాళ్ళు మార్చి నెలలో వచ్చి, పాత అప్పు కట్టినట్టూ కొత్త అప్పు ఇచ్చినట్టూ తిరగరాసుకుని పోతారు. చేతికి పైసా రాదు. వడ్డీ మాత్రం అసలులో కలుస్తుంది.

దీనికి అసలైన మందు వేరే ఉంది, మనం వాడుకోవడం లేదు. ప్రకృతి వైపరీత్యం వల్ల పంట నష్టం 33 శాతం దాటిందని ప్రభుత్వం ప్రకటిస్తే, పంట రుణాన్ని వాయిదాల అప్పుగా మార్చవచ్చు. నష్టం 50 శాతం లోపైతే రెండేళ్ళ వరకు, ఆ పైనైతే ఐదేళ్ళ వరకు గడువు. అలా మార్చిన అప్పు మొండి బాకీ కాదు, మంచి అప్పుగానే ఉంటుంది, రైతుకు కొత్త పంట రుణమూ ఇవ్వొచ్చు. బ్యాంకుకు మూలధనం బరువు పెరగదు, మనకు పేరు పోదు. కానీ ప్రకటన సకాలంలో రావాలి, రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ కూర్చోవాలి. మనం నష్టపరిహారం కోసం ధర్నా చేస్తాం, మంచిదే. ఆ ప్రకటన కోసమూ, అందులో మన మండలం పేరు కోసమూ అంతే గట్టిగా అడగాలి. పోయినసారి ఒక మండలం పేరు లేదని మాకు తెలిసేసరికే గడువు అయిపోయింది. అది మా తప్పు.

రుణమాఫీ గురించి ఎవరన్నా అడుగుతారు. 2008లో కేంద్రం చేసింది, 2014లో మన రాష్ట్రంలో ఒక కుటుంబానికి లక్షన్నర వరకు అన్నారు. మాఫీ అడగడం తప్పు కాదు. 2017 అక్టోబరులో ప్రభుత్వ బ్యాంకుల మూలధనం నింపడానికి 2.11 లక్షల కోట్ల పథకం ప్రకటించారు. 2018 మార్చి నాటికి బ్యాంకుల మొండి బాకీలు నూటికి 11 దాటాయి. ఆ గుంత తవ్వింది ప్రధానంగా ఉక్కు, విద్యుత్తు, రోడ్ల పెద్ద కంపెనీలు, మనం కాదు. వాటిలో చాలావాటికి అప్పిచ్చిన రోజున మంచి మార్కులే ఉన్నాయి. కానీ మాఫీలో ఒక ఇబ్బంది మనం చూశాం. డబ్బు వాయిదాలుగా వచ్చింది, ఈలోగా ఖాతాలు చెడిపోయాయి. పైగా మాఫీ అయింది పాసుపుస్తకం మీద ఉన్న అప్పు. కమీషను కొట్టులో ఉన్న కౌలు రైతు అప్పును ఎవరూ మాఫీ చెయ్యలేదు.

మరి ఏం అడగాలి? చిన్న పరిశ్రమకు తాకట్టు లేకుండా అప్పిస్తే హామీ పడటానికి 2000లోనే కేంద్రం ఒక నిధి పెట్టింది. ఆ నిధి హామీ ఉన్న మేరకు బ్యాంకు తూకం సున్నా. 2025 ఏప్రిల్ నుంచి పది కోట్ల దాకా ఆ హామీ ఉంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు హామీ ఉంది. గిడ్డంగి ఎలక్ట్రానిక్ రసీదుల మీద అప్పులకు 2024 డిసెంబరులో వెయ్యి కోట్లతో హామీ పథకం పెట్టారు. మిల్లుకు ఉంది, గిడ్డంగి రసీదుకు ఉంది. కౌలు రైతు పంట రుణానికి లేదు. రెండు లక్షల లోపు కౌలు రుణాలకు ఇలాంటి హామీ నిధి పెట్టమని అడుగుదాం. అది పెడితే మేనేజరు గొలుసు వైపు చూడాల్సిన పని లేదు, 75 తూకం కూడా మిగలదు. మేము చదివినదాంట్లో బ్యాంకుకూ మనకూ ఒకేసారి పనికొచ్చే కోరిక ఇదొక్కటే కనిపించింది. యజమాని సంతకంతో పని లేకుండా, ఈ-పంటలో పేరున్నవాణ్ణే సాగుదారుగా గుర్తించాలన్నది దానికి జతగా ఉండాలి. పేరే లేనివాడికి ఎవరు హామీ పడతారు?

మూడు నెలలకోసారి కలెక్టరు దగ్గర జిల్లా సంప్రదింపుల కమిటీ కూర్చుంటుంది, లీడ్ బ్యాంకు లెక్కలు చదువుతుంది. ఈసారి ఆ సమావేశానికి ముందే మన తరఫున ఒక పట్టిక ఇస్తాం. దానికి మీ సాయం కావాలి. ప్రతి గ్రామ కమిటీ ఒక కాగితం తీసుకుని కౌలు రైతు పేరు, ఎకరాలు, కార్డు ఉందా లేదా, బ్యాంకుకు ఎన్నిసార్లు వెళ్ళారు, ఏ కారణం చెప్పారు, చివరికి డబ్బు ఎక్కడ తెచ్చుకున్నారు, ఎంత వడ్డీకి అన్నవి రాసుకురండి. బంగారం మీద తెచ్చుకుంటే అది కూడా రాయండి, సిగ్గుపడేది ఏమీ లేదు. మొన్న ప్రశ్న అడిగిన పెద్దాయన తన ఊరి పట్టిక అప్పుడే మొదలుపెట్టాడు. ముప్పై ఒక్క పేర్లు రాశాడు. అందులో ఇరవై ఆరు మంది ఎదురుగా "కమీషను కొట్టు" అని ఉంది. మిగిలిన ఊళ్ళవి వచ్చే నెల పదో తేదీలోగా ఆఫీసుకు చేర్చండి.